మాట మూలం – 9: ‘వివర్ణం’ అంటే ఒట్టి పాలిపోవడమేనా?

“అతని ముఖం వివర్ణమైంది.”

తెలుగు నవలలు చదివే అలవాటున్నవాళ్లకి ఈ వాక్యం కొత్త కాదు. టెలిగ్రాం రాగానే హీరో ముఖం వివర్ణమవుతుంది. డాక్టరు పెదవి విరవగానే హీరోయిన్ వదనం వివర్ణమవుతుంది. వారపత్రికల సీరియళ్ల కాలం నుంచీ మన రచయితలు వాడి వాడి అరగదీసిన మాట ఇది. అర్థమేంటని అడిగితే డిగ్రీ మొదటేడు పిల్లలు కూడా చెప్పేస్తారు: రంగు తగ్గడం, పాలిపోవడం, వెలవెలబోవడం.

అది సగం అర్థమే. రెండో సగం వాళ్లకి ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పి ఉండరు.

వివర్ణుడంటే నీచుడు. కులం తక్కువవాడు. కులానికి బయటివాడు.

ఇది నేను కోపంలో కల్పించిన అర్థం కాదు. 1899 నాటి మోనియర్ విలియమ్స్ సంస్కృత నిఘంటువు తీసి చూడండి. ‘వివర్ణ’ దగ్గర ముందు రంగు లేని, పాలిపోయిన అని ఉంటుంది. ఆ తర్వాత అధముడు అని, సంకర కులంవాడని, వెలివేయబడినవాడని ఉంటుంది. అన్నీ ఒకే పదం కింద.

రంగు పోయిన మొహానికీ కులం లేని మనిషికీ ఒకే మాట ఎందుకు సరిపోయింది? ఈ భాగమంతా ఆ ప్రశ్న గురించే. నా జవాబు ముందే చెప్పేస్తాను. వర్ణం ఉండటమే ఆరోగ్యం, వర్ణం లేకపోవడం ఒక లోపం అనుకునే చూపు ఒకటుంది. ఆ చూపులోంచే ఈ రెండు అర్థాలూ పుట్టాయి. మనం ఆ మాటని వాడుతూ ఆ చూపుని కూడా మోస్తున్నాం.

1. కోశంలో మన చోటు

అమరసింహుడి అమరకోశం గురించి తెలుగు విద్యార్థులకి కొత్తగా చెప్పక్కర్లేదు. వీధి బడుల రోజుల్లో పిల్లల చేత వల్లె వేయించిన పుస్తకం. దాని రెండో కాండలో మనుషుల్ని వరసగా వర్గాలు కట్టారు: బ్రహ్మవర్గం, క్షత్రియవర్గం, వైశ్యవర్గం, శూద్రవర్గం. మనం వెతుకుతున్న వివర్ణుడు ఏ వర్గంలో దొరుకుతాడో ఊహించడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. శూద్రవర్గంలో దొరుకుతాడు.

ఎవరెవరి పక్కన? పామరుడు, నీచుడు, ప్రాకృతుడు, పృథగ్జనుడు, నిహీనుడు, అపసదుడు... ఇలా పది మాటలు, మనిషి ఒక్కడే. ఆ పదింటిలో మొట్టమొదటి పేరే వివర్ణుడు.

ఇందులో ‘ప్రాకృతుడు’ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. జనం మాట్లాడిన భాషని ప్రాకృతమన్నారు. ఆ భాష మాట్లాడే మామూలు మనిషి ప్రాకృతుడయ్యాడు. ప్రాకృతుడు నీచుడికి పర్యాయపదమయ్యాడు. మన యాసని చూసి నవ్వేవాళ్లకి చాలా పాత వంశవృక్షమే ఉంది.

అదే వర్గంలో ఇంకొంచెం ముందుకి వెళ్తే చండాలుడికి పర్యాయపదాలు. తర్వాత కిరాతులు, శబరులు, పుళిందులు. తర్వాత వేటగాడు. ఆ వెంటనే కుక్క.

అవును, కుక్క. జంతువుల కోసం సింహాదివర్గం అని అదే కాండలో వేరే వర్గం ఉంది. అయినా కుక్క శూద్రవర్గంలోకి వచ్చింది. వేటగాడి వెంట కుక్క వచ్చిందని పండితులు సమర్థిస్తారు. సరే, ఒప్పుకుందాం. ఏనుగూ గుర్రమూ కూడా అలాగే రాజు వెంట క్షత్రియవర్గంలోకి వచ్చాయి. ఆవు వైశ్యవర్గంలోకి వచ్చింది. అంటే ఎవరి జంతువు వాళ్ల వర్గంలో ఉంది. ఇప్పుడు లెక్క చూడండి: గుర్రానికి వర్గం ఉంది, ఆవుకి వర్గం ఉంది, కుక్కకి వర్గం ఉంది. మనిషిని మాత్రం వర్ణం లేనివాడా అని పిలిచారు.

“అమరసింహుడు బౌద్ధుడు కదా, ఆయన్నెందుకు తిడతారు?” అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆయన బౌద్ధుడనే సంప్రదాయం చెప్తుంది. నేను ఆయన్ని తిట్టడం లేదు. నిఘంటుకారుడు లోకంలో ఉన్న వాడుకని పోగుచేస్తాడు. బౌద్ధుడు పోగుచేసినా ఆ మాట అలాగే దొరికిందంటే, అది లోకంలో ఎంత లోతుగా పాతుకుపోయి ఉందో చూడండి. మనం మాట్లాడాల్సింది దాని గురించి.

2. రంగు, కులం, అక్షరం

వర్ణం అనే మాటకి తెలుగులో మూడు అర్థాలు అందరికీ తెలుసు. రంగు. కులం. అక్షరం. వర్ణచిత్రంలో రంగు, వర్ణధర్మంలో కులం, వర్ణమాలలో అక్షరం.

దాని ముందు ‘వి’ చేర్చండి. విరూపం, విముఖం, వికలం వరసలో వివర్ణం. ఉండాల్సింది లేకపోవడం, చెడిపోవడం. నిఘంటువు మొదటి రెండు అర్థాలనే తీసేసింది: రంగు లేనివాడు, కులం లేనివాడు. మూడోదాన్ని తీసేసే పని నిఘంటువుకి వదలకుండా ధర్మశాస్త్రాలే చూసుకున్నాయి. వేదం విన్న శూద్రుడి చెవిలో సీసం పోయమన్న గౌతమ ధర్మసూత్రం ఎవరికి గుర్తులేదు? రంగు లేదన్నారు, కులం లేదన్నారు, అక్షరం అందనివ్వలేదు. అప్పుడు వివర్ణుడు మూడు అర్థాల్లోనూ వివర్ణుడయ్యాడు.

ఇక ‘సవర్ణ’ సంగతి. స్కూల్లో సవర్ణదీర్ఘ సంధి చదవని తెలుగు పిల్లలు లేరు. అ, ఇ, ఉ, ఋ లకు అవే అచ్చులు పరమైతే దీర్ఘం వస్తుంది. పాణిని లెక్కలో, నోట్లో పుట్టే చోటూ పలికే ప్రయత్నమూ ఒకటైతే అవి సవర్ణాలు. ఇది వ్యాకరణం, కుల పాఠం కాదు. నాకు తెలుసు. కానీ పుట్టిన చోటు ఒకటైనవాళ్లు తమలో తామే కలిస్తే ఆ కలయిక దీర్ఘమవుతుందన్న సూత్రం వింటే, వ్యాకరణం రానివాళ్లకి కూడా పెళ్లిచూపులు గుర్తొస్తాయి. అంబేడ్కర్ 1916లో కొలంబియాలో చదివిన పత్రంలో కులం గుట్టు స్వకుల వివాహమే అన్నాడు. మన పిల్లలు పదమూడేళ్లకే ఆ సంధి కంఠతా పడతారు. ‘సవర్ణ’కి ఎదురుగా ఎవరున్నారన్న సంగతి యూనివర్సిటీకి వచ్చాక గానీ తెలియదు. కొందరికి అప్పుడూ తెలియదు.

3. “వర్ణం అంటే ఎంచుకునేది” అనేవాళ్లకి

ఈ మాట ఎత్తగానే ఒక జవాబు రెడీగా ఉంటుంది. “మీరు తప్పుగా అర్థం చేసుకుంటున్నారు. వర్ణం అంటే పుట్టుక కాదు. వృ ధాతువు నుంచి వచ్చింది. వరించేది, ఎంచుకునేది అని అర్థం. గుణాన్నీ పనినీ బట్టి మనిషి ఎంచుకునేదే వర్ణం.”

ధాతువు విషయంలో వాళ్లు పూర్తిగా తప్పు కాదు. యాస్కుడి నిరుక్తం వర్ణాన్ని వృ ధాతువుకే ముడిపెట్టింది. కానీ ఆ ధాతువుకి ఎంచుకోవడమనే కాదు, కప్పడం అనే అర్థం కూడా ఉంది. ఆవరణం, ఆవృతం అనే మాటలు చూడండి. పైన కప్పి ఉండేది, పైకి కనిపించేది కాబట్టి రంగు అనే అర్థం వచ్చిందని చాలామంది భాషావేత్తలు అంటారు. మన మిత్రులు రెండు అర్థాల్లో తమకి పనికొచ్చేదాన్ని ఏరుకున్నారు. ఆ ఎంపిక మాత్రం నిజంగా ఎంపికే!

పోనీ, వాళ్లు చెప్పిందే నిజమనుకుందాం. వర్ణం ఎంచుకునేదే అనుకుందాం. అప్పుడు నాదొక చిన్న ప్రశ్న. వివర్ణుడు ఎంచుకున్నదేంటి? పామరుడు, నీచుడు అనే పేర్ల మధ్య కూర్చోవాలని ఏ మనిషి దరఖాస్తు పెట్టుకున్నాడు? ఊరి బయట ఇల్లు కట్టుకుంటానని, చచ్చిన గొడ్డుని మోస్తానని ఎవరు వరించారు?

ధాతువు మాట ఎక్కడ పుట్టిందో చెప్తుంది. మాట ఏం పని చేసిందో చెప్పాల్సింది వాడుక. కత్తి ఏ ఇనుముతో చేశారో తెలుసుకోవచ్చు, మంచిదే. తెగిన మెడ గురించి అడిగినప్పుడు మాత్రం ఇనుము గురించి ఉపన్యాసం ఇవ్వకండి.

4. ఇప్పుడు మనవాళ్లకి ఒక మాట

ఇంతవరకూ చదివి “అదే కదా మేం చెప్పేది, వర్ణమంటే ఒంటి రంగు, తెల్లవాళ్లు వచ్చి నల్లవాళ్లని శూద్రుల్నీ అంటరానివాళ్లనీ చేశారు” అనే మిత్రులు ఉంటారు. సభల్లో బాగా చప్పట్లు పడే వాదన ఇది. అంబేడ్కర్ మాత్రం దీన్ని ఒప్పుకోలేదు.

1936 నాటి ‘కుల నిర్మూలన’లోనే ఆయన పంజాబు బ్రాహ్మణుడూ పంజాబు చమారూ ఒకే జాతి మూలంవాళ్లని, మద్రాసు బ్రాహ్మణుడూ మద్రాసు పరయా కూడా అంతేనని వాదించాడు. 1946లో ‘శూద్రులెవరు?’ రాసినప్పుడు ఋగ్వేదంలో వర్ణ శబ్దం ఎక్కడెక్కడ ఎలా వచ్చిందో పరిశీలించి, దాన్ని ఒంటి రంగుగా చదవడం కుదరదన్నాడు. 1948లో అంటరానివాళ్ల మీద రాసిన పుస్తకంలో జాతి సిద్ధాంతాన్ని మళ్లీ పక్కన పెట్టాడు. మనం పేరు చెప్పుకునే మనిషి ఇంత శ్రమపడి కొట్టేసిన వాదనని మనమే మళ్లీ నిలబెట్టడం ఏం న్యాయం?

ఒంటి రంగుతో కులం తేలదని పాత పుస్తకాలకి కూడా తెలుసు. మహాభారతం శాంతిపర్వంలో భృగువు బ్రాహ్మణుడికి తెలుపు, క్షత్రియుడికి ఎరుపు, వైశ్యుడికి పసుపు, శూద్రుడికి నలుపు అని పంచుతాడు. వింటున్న భరద్వాజుడు అడ్డుపడతాడు. రంగుని బట్టి వర్ణమైతే అన్ని వర్ణాల్లోనూ అన్ని రంగులూ కనిపిస్తున్నాయే అంటాడు. కోపం, భయం, ఆకలి, అలసట అందరికీ ఉన్నాయే, అందరికీ చెమట పడుతుందే, నెత్తురు కారుతుందే, మరి తేడా ఎక్కడుంది అంటాడు. ఆ ప్రశ్నకి ఇప్పటిదాకా సరైన జవాబు రాలేదు.

నాట్యశాస్త్రం ఇంకా తమాషాగా ఉంటుంది. ఆహార్యం గురించి చెప్పేచోట బ్రాహ్మణ, క్షత్రియ పాత్రలకి గౌరవర్ణం పూయమంటుంది. వైశ్య, శూద్ర పాత్రలకి శ్యామవర్ణం పూయమంటుంది. జాగ్రత్తగా వినండి: పూయమంటుంది. వర్ణానికి తగ్గ రంగు నటుడి ఒంటి మీద ఉంటుందన్న నమ్మకం లేదు కాబట్టే గిన్నెలో రంగు కలపాల్సి వచ్చింది. వర్ణం వేషం అని ఇంతకంటే తేటగా ఎవరు చెప్పగలరు?

అదే చోట ఏ ప్రాంతంవాళ్లకి ఏ రంగు పూయాలో కూడా ఉంది. కిరాతులు, పుళిందులు, ద్రమిళులు, దాక్షిణాత్యులతో పాటు ఆంధ్రుల్ని కూడా నలుపు జాబితాలో వేశారు. ఇవాళ పెళ్లి ప్రకటనల్లో ‘తెల్లని’ సంబంధం వెతికే తెలుగు సవర్ణులకి ఈ సంగతి ఎవరైనా చెవిన వేయండి. భరతుడి లెక్కలో వాళ్లూ మనమూ ఒకే గిన్నెలో రంగే.

తెలుపు, నలుపు అధికారానికి గుర్తులవుతాయని మన పెద్దలకి తెలుసు. గరిమెళ్ల సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్ల దొరతనము’ అంటే, కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్ల దొరతనము’ అన్నాడు. ఒంటి రంగు చూసి దొరని పోల్చుకోవద్దని ఆయన ఆ రోజుల్లోనే హెచ్చరించాడు. దొర రంగు మారినా దొరతనం మారదు.

5. మన మొహాల మీద కనిపించనిది

మళ్లీ మొదటి వాక్యానికి వద్దాం. ముఖం వివర్ణమైంది. ఎవరి ముఖం?

నాట్యశాస్త్రం వైవర్ణ్యాన్ని ఎనిమిది సాత్త్విక భావాల్లో ఒకటిగా చెప్పింది. కారణాలు కూడా ఇచ్చింది: చలి, కోపం, భయం, శ్రమ, రోగం, ఎండ. శ్రమ, రోగం, ఎండ! ఈ మూడూ ఎవరి ఒంటి మీద ఎక్కువగా పడ్డాయో చెప్పాలా? అయినా కావ్యాల్లో వివర్ణమయ్యే ముఖం విరహంతో పరుపు మీద పడుకున్న నాయికది. ఎండలో నాట్లేసే మనిషిది కాదు. ఆమె వివర్ణ కాబట్టి ఆమెకి వైవర్ణ్యం ఉండదు కాబోలు.

ఇది మాటల గారడీగా మాత్రమే అనిపిస్తే ఏదైనా ప్రభుత్వాసుపత్రికి వెళ్లి చూడండి. నెత్తురు తక్కువగా ఉందో లేదో తెలుసుకోడానికి డాక్టరు మొహం చూసి ఊరుకోదు. కింది కనురెప్ప లాగి లోపల చూస్తుంది. నాలుక చూస్తుంది, అరచేయి చూస్తుంది, గోళ్లు చూస్తుంది. ఎందుకంటే నల్లటి చర్మం మీద పాలిపోవడం పైకి కనిపించదు. మొహం చూసి ‘వివర్ణమైంది’ అని రాసే చూపు తెల్లటి మొహాలకి అలవాటుపడ్డ చూపు. మనవాళ్ల నెత్తురు ఇంకిపోతున్నా దానికి కనపడదు.

ఎంత ఇంకిపోతోందో లెక్కలున్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. సగం కంటే ఎక్కువ మంది. మన నవలల్లో ఇంతమంది ఆడవాళ్ల మొహాలు ఏ పేజీలో పాలిపోయాయి?

మన అమ్మల దగ్గర దీనికి మాటలు లేక కాదు. “మొహం పాలిపోయింది, తిన్నావా?” “మొహం మాడిపోయింది, ఎండన పడి వచ్చావా?” “మొహం చిన్నబోయింది, ఎవరేమన్నారు?” “కత్తివాటుకి నెత్తుటి చుక్క లేదు.” ఈ మాటలు వరసగా పెట్టి చూడండి. ప్రతి మాట వెనకా ఒక ప్రశ్న ఉంది: ఆకలా, ఎండా, అవమానమా, భయమా? వివర్ణం రంగు పోయిందని నమోదు చేసి వెళ్లిపోతుంది. అమ్మ మాట కారణం అడుగుతుంది. ఏది గొప్ప సాహిత్య భాషో మీరే తేల్చండి.

6. వెలిగొడుగు, వెలివాడ

సంస్కృతం మీదే పడ్డావు, తెలుగు మాటల్లో ఏమీ లేదా అంటారా? ఉంది.

‘వెలి’ అంటే పాత తెలుగులో తెలుపు. వెలిదామర అంటే తెల్ల తామర. వెలిగొడుగు అంటే రాజు తల మీద పట్టే తెల్ల గొడుగు. ‘వెలవెల’లో ఉన్నదీ ఆ తెలుపే. ‘వెలి’ అంటే బయట కూడా. వెలివేయడం, వెలివాడ. ఈ రెండూ ఒకే మూలం నుంచి వచ్చాయని నేను అనను. ద్రావిడ భాషల నిఘంటువు వాటిని వేర్వేరు పద్దులుగానే చూపిస్తుంది. రూపం కలిసింది, అంతే. మూలం లేనిచోట మూలం చూపిస్తే మనకీ వాళ్లకీ తేడా ఉండదు.

కానీ ఒకే రెండక్షరాలు ఒకడి తల మీద గొడుగై, ఇంకొకడి ఇంటికి పొలిమేర అయిన ఊళ్లలో మనం పుట్టాం. ఆ సంగతి మర్చిపోకూడదు.

2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టల్ నుంచి బయటికి పంపించిన అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులు ఆరుబయట ఒక గుడారం వేసుకున్నారు. అంబేడ్కర్ బొమ్మ పెట్టుకున్నారు. దానికి వెలివాడ అని పేరు పెట్టారు. వాళ్లలో ఒకడైన రోహిత్ వేముల జనవరి 17న మనకి దూరమయ్యాడు. తిట్టుగా ఉన్న మాటని ఆ పిల్లలు చిరునామాగా రాసుకున్నారు. ఆ తర్వాత ఆ మాట పలికినప్పుడు తల దించుకోవాల్సింది ఎవరో తేలిపోయింది. నిఘంటువులు ఆ అర్థం ఎక్కించుకోడానికి ఇంకా టైం పట్టొచ్చు. మనం ఎక్కించుకున్నాం.

7. మరి ఏం చేద్దాం?

‘వివర్ణం’ని నిషేధించమని నేను అడగడం లేదు. పదాన్ని దాస్తే దాని చరిత్ర కూడా దాగిపోతుంది. లాభపడేది ఎవరో మీకు తెలుసు.

తెలుగు పాఠం చెప్పేవాళ్లని ఒకటి అడుగుతున్నా. సాత్త్విక భావాలు చెప్పేరోజు వైవర్ణ్యం దగ్గర ఆగి, వివర్ణుడి రెండో అర్థం కూడా బోర్డు మీద రాయండి. పిల్లలు తట్టుకోలేరని భయపడకండి. ఆ అర్థాన్ని బతుకులో మోస్తున్న పిల్లలు మీ క్లాసులోనే కూర్చుని ఉన్నారు.

పరిశోధన చేస్తున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఇంకొకటి. కావ్యాల్లో వివర్ణ శబ్దం ఎవరి ముఖానికి వాడారో, ఎవరి మనిషితనానికి వాడారో వెతకండి. ఒక మంచి పరిశోధనకి సరిపడే పని. గైడ్ “ఇదేం టాపిక్?” అంటే అమరకోశం శూద్రవర్గం తెరిచి బల్ల మీద పెట్టండి.

కథలు రాసే మిత్రులారా, మీ పాత్ర మొహంలో రంగు పోయినప్పుడు ఒక్క క్షణం ఆగి మీ అమ్మ ఏమంటుందో గుర్తు తెచ్చుకోండి. ఆ మాట రాయండి.

ఇక మనందరికీ కలిపి ఒక సంగతి. వర్ణం లేకపోవడాన్ని వాళ్లు లోపమన్నారు, రోగమన్నారు, నీచమన్నారు. అంబేడ్కర్ మన ముందు పెట్టిన పని వర్ణం లేని సమాజాన్ని కట్టడం. ఆ సమాజంలో పుట్టే ప్రతి బిడ్డా వివర్ణ బిడ్డే. వాళ్ల నిఘంటువులో తిట్టుగా ఉన్నది మన నిఘంటువులో గమ్యం. మనకి వర్ణం ఇవ్వలేదని ఏడవకండి. మాకూ ఓ వర్ణం పడేయండని అడగకండి. అందరి ఒంటి మీద నుంచీ ఆ పూత కడిగేద్దాం. కడిగాక కనిపించే మొహంలో నెత్తురు మాత్రం నిండుగా ఉండాలి. దానికి తిండి కావాలి, భూమి కావాలి, చదువు కావాలి. మన కొట్లాట వాటి కోసం.

వచ్చే భాగంలో: అదే వరసలో రెండో మనిషి, ‘పామరుడు’.

జై భీమ్.